దిగులుతోనే పనిచేసిన మహనీయుడు – అబ్రహాం లింకన్



సాలూరు సాంఘిక సంక్షేమ హాస్టల్లో నేను ఆరో తరగతి నుండి పదో తరగతి వరకు ఐదేళ్ళు చదువుకున్నాను. మా నాన్న సాలూరు లారీల మీద క్లీనరుగా చేరి తర్వాత డ్రైవరయ్యాడు. ఒడిశా ఘాటీ రోడ్డే ఆయనకు బడి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.ఎ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాను. వార్షికోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి పంపమని వార్డెన్ మాస్టారు ఫోన్ చేసినప్పుడు, లింకన్ గురించి రాస్తానని చెప్పాను.

లింకన్ మీకు కొత్త కాదు. కొడుకు చదివే బడి ఉపాధ్యాయునికి ఆయన రాశాడని చెప్పే ఉత్తరం చాలా బడుల గోడల మీద కనిపిస్తుంది. అది ఆయన రాసినట్టు ఆధారం ఏమీ దొరకలేదు. అలాగే వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఒక జాబితా ఉంటుంది. ఫలానా ఏడాది వ్యాపారంలో నష్టం, ఫలానా ఏడాది ఎన్నికల్లో ఓటమి, చివరికి అమెరికా అధ్యక్ష పదవి. ఆ జాబితా మధ్యలో ఎక్కడో నరాల జబ్బు అని ఒక్క ముక్క ఉంటుంది. చదివేవాళ్ళు దాన్ని దాటిపోతారు. నేను కూడా దాటిపోయాను. రెండేళ్ళ క్రితం నాకు మనసుకు జబ్బు చేసిన తర్వాత వెనక్కి వెళ్ళి ఆ ముక్క దగ్గర ఆగాను. ఈ వ్యాసం ఆ ముక్క గురించే.

బాల్యం

అబ్రహాం లింకన్ 1809 ఫిబ్రవరి 12న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో పుట్టాడు. తండ్రి థామస్ వ్యవసాయం, వడ్రంగం చేసేవాడు. తన పేరు రాయడం తప్ప ఆయనకు పెద్దగా చదువు రాదు. 1816లో ఆ కుటుంబం ఇండియానా అడవుల్లోకి వలస వెళ్ళింది. అక్కడ ఒక విషపు మొక్క మేసిన ఆవుల పాలు తాగి మనుషులు చనిపోయేవారు. ఆ పాల జబ్బుతోనే 1818లో తల్లి నాన్సీ మరణించింది. అప్పటికి లింకన్‌కు తొమ్మిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళ వయసులో అక్క శారా కాన్పులో చనిపోయింది. మారుతల్లి మాత్రం ఆయన్ని కన్నకొడుకులా చూసింది, పుస్తకాలు చదువుకోనిచ్చింది.

బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపితే ఒక ఏడాది కూడా నిండదు. మిగతా చదువంతా అరువు తెచ్చుకున్న పుస్తకాలతోనే. 22 ఏళ్ళకు ఇల్లు వదిలి ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం అనే చిన్న ఊరు చేరాడు. కొట్లో గుమాస్తాగా, పోస్టుమాస్టరుగా, భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. పొత్తులో పెట్టిన కొట్టు దివాలా తీసింది. పొత్తుదారు చనిపోతే ఆ అప్పు కూడా తన నెత్తిన వేసుకుని ఏళ్ళ తరబడి తీర్చాడు. 1832లో రాష్ట్ర శాసనసభకు పోటీచేసి ఓడిపోయాడు, 1834లో గెలిచాడు. సొంతంగా లా చదివి 1836లో వకీలు లైసెన్సు పొందాడు.

మొదటి దెబ్బ

1835 వేసవిలో న్యూ సేలంలో విషజ్వరాలు వచ్చాయి. లింకన్ ఇష్టపడిన ఆన్ రట్లెడ్జ్ అనే అమ్మాయి ఆగస్టులో చనిపోయింది. ఆ తర్వాత ఆయన తుపాకి పట్టుకుని ఒంటరిగా అడవిలో తిరిగేవాడనీ, వర్షం పడుతుంటే ఆమె సమాధి తలచుకుని తట్టుకోలేకపోయేవాడనీ ఊరివాళ్ళు తర్వాతి కాలంలో చెప్పారు. ప్రాణం తీసుకుంటాడేమోనని భయపడి కనిపెట్టుకుని ఉన్నారు. తెలిసినవాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళు ఉంచుకుని మళ్ళీ మనిషిని చేశారు.

దగ్గరివాళ్ళు పోతే ఏడవడం జబ్బు కాదు. కానీ లింకన్ విషయంలో దిగులు అక్కడితో ఆగలేదు. కారణం ఉన్నా లేకపోయినా ఆయన జీవితమంతా వస్తూనే ఉంది. చనిపోయి 160 ఏళ్ళు దాటిన మనిషిని ఈనాడు ఏ డాక్టరూ పరీక్ష చేయలేడు. అయినా ఆయన జీవితాన్ని పరిశోధించిన చరిత్రకారుల్లో చాలామంది, ఈనాటి భాషలో డిప్రెషన్ అని పిలిచే జబ్బు లక్షణాలు ఆయనలో స్పష్టంగా ఉన్నాయని అంటారు. ఆ రోజుల్లో దాన్ని మెలాంకలీ అనేవారు.

1841 చలికాలం

రెండోసారి వచ్చింది మరీ పెద్ద దెబ్బ. అప్పటికి ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వకీలు, శాసనసభ్యుడు. రోడ్లు, కాలువలు, రైలుమార్గాలు వేయాలని ఆయన ముందుండి నడిపించిన పథకం వల్ల రాష్ట్ర ప్రభుత్వం అప్పుల్లో మునిగింది. తన పేరు పోయిందని బాధపడ్డాడు. అదే సమయంలో మేరీ టాడ్‌తో కుదిరిన పెళ్ళి చెడింది. ఒకే గది పంచుకున్న ప్రాణస్నేహితుడు జాషువా స్పీడ్ సొంత ఊరు కెంటకీ వెళ్ళిపోతున్నాడు. ఉద్యోగం, ఇల్లు, స్నేహం మూడూ ఒకేసారి కదిలాయి.

1841 జనవరిలో లింకన్ మంచం పట్టాడు. శాసనసభకు వెళ్ళలేకపోయాడు. స్పీడ్ ఆయన గదిలోని కత్తులు, గడ్డం గీసుకునే బ్లేడు తీసి దాచేశాడు. డాక్టరు హెన్రీ వచ్చి చూసేవాడు. తనంత దుఃఖంలో ఉన్నవాడు భూమి మీద ఇంకొకడు లేడన్నట్టు లింకన్ తన పెద్ద వకీలుకు ఉత్తరం రాశాడు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆయన తన స్థితిని దాచలేదు. డాక్టరుకు చెప్పాడు, స్నేహితునికి చెప్పాడు, పనిచేసేచోట పెద్దవాడికి రాశాడు. మగవాడు ఏడవకూడదు అనే మాట ఆ దేశంలో కూడా ఉండేది. అయినా చెప్పాడు.

ఆ రోజుల్లోనే స్పీడ్‌తో ఒక మాట అన్నాడు. చావడానికి తనకు భయం లేదనీ, కానీ తాను బతికానని ఒక్క మనిషైనా గుర్తుపెట్టుకునే పని ఇంకా ఏదీ చేయలేదనీ దాని సారాంశం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఆ ఏడాది వేసవిలో లింకన్ కెంటకీ వెళ్ళి కొన్ని వారాలు స్పీడ్ ఇంట్లో విశ్రాంతి తీసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో ఒకే గొలుసుకు కట్టిన పన్నెండు మంది నల్లజాతి బానిసలను చూశాడు. ఆ దృశ్యం తనను వేధిస్తూనే ఉందని పద్నాలుగేళ్ళ తర్వాత, 1855లో, స్పీడ్‌కే ఉత్తరం రాశాడు. స్పీడ్ కుటుంబానికి కూడా బానిసలు ఉండేవారు. ఆ విషయంలో ఇద్దరికీ అభిప్రాయం కలవలేదు కానీ స్నేహం తెగలేదు.

కొన్నాళ్ళకు పెళ్ళి విషయంలో స్పీడ్‌కే దిగులు పట్టుకుంది. అప్పుడు లింకన్ వరసగా ఉత్తరాలు రాసి ధైర్యం చెప్పాడు. ఈ బాధకు కొంత కారణం శరీరంలోనే ఉంటుందనీ, పనిలేక ఒంటరిగా కూర్చుంటే పెరుగుతుందనీ, కొంతకాలానికి తగ్గుతుందనీ నచ్చజెప్పాడు. తాను పడ్డ బాధను ఇంకొకరికి మందుగా మార్చాడు. 1842 నవంబరులో ఆయనకు మేరీతో పెళ్ళి జరిగింది.

కోర్టుల చుట్టూ

వకీలుగా లింకన్ ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి వారాల తరబడి, జడ్జిగారితో కలిసి ఊరూరి కోర్టులకు తిరిగేవాడు. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, మళ్ళీ ఇంకో ఊరు అన్నట్టుగా గుర్రం బండి మీద ప్రయాణం. తోటి వకీళ్ళు రాసిన జ్ఞాపకాల్లో రెండు రకాల లింకన్ కనిపిస్తాడు. రాత్రి సత్రంలో అందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు ఒకడు. తెల్లవారకముందే లేచి, నిప్పు ముందు తలవంచుకుని తనలో తాను ఏదో అనుకుంటూ కూర్చునేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒక్కడే. 1844 నుండి ఆయనతో కలిసి పనిచేసిన హెర్న్‌డన్ కూడా ఆ దిగులును ఎన్నోచోట్ల వర్ణించాడు.

నవ్వించడం ఆయనకు సరదా మాత్రమే కాదు, అదొక మందు. తనకు ఈ హాస్యం లేకపోతే బతకడం కష్టమని దగ్గరివాళ్ళతో చెప్పుకునేవాడు. పనిలో మునిగిపోవడం కూడా ఒక మందే. 1850లో నాలుగేళ్ళు నిండని రెండో కొడుకు ఎడ్డీ చనిపోయాడు. సెనేట్ పదవి 1855లో ఒకసారి, 1859లో ఇంకోసారి చేజారింది. బానిసత్వం కొత్త ప్రాంతాలకు వ్యాపించకూడదనే వాదన మాత్రం ఆయన వదల్లేదు. దాని కోసమే మళ్ళీ మళ్ళీ లేచి నిలబడ్డాడు.

అప్పటి డాక్టర్లు దిగులుకు బ్లూ మాస్ అనే పాదరసం మాత్రలు ఇచ్చేవారు. పాదరసం విషమని మనకు తెలుసు. లింకన్ కూడా వాటిని వాడాడు. అవి మింగితే చిరాకు, కోపం పెరుగుతున్నాయని గమనించి, అధ్యక్షుడైన కొన్ని నెలలకే మానేశాడని ఆయన స్నేహితుడు ఒకరు చెప్పారు. ఆ కాలంలో అంతకంటే మంచి మందు లేదు.

అధ్యక్షుడి కార్యాలయం

1860 నవంబరులో లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1861 మార్చి 4న ప్రమాణం చేశాడు. ఏప్రిల్ 12న అంతర్యుద్ధం మొదలైంది. నాలుగేళ్ళలో 6 లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. ఉద్యోగాలు అడగడానికి వచ్చినవాళ్ళ వరస ఆయన గది గుమ్మం నుండి మెట్ల దాకా ఉండేది. సేనాపతులు మాట వినేవారు కాదు, పత్రికలు కోతి అని బొమ్మలు వేసేవి. 1862 ఫిబ్రవరి 20న పదకొండేళ్ళ కొడుకు విల్లీ టైఫాయిడ్‌తో చనిపోయాడు. ప్రపంచంలో ఎవరి ఉద్యోగంలోనైనా ఇంతకంటే ఒత్తిడి ఉంటుందా? పైగా ఆ మనిషికి ముందునుండీ దిగులు జబ్బు ఉంది.

మరి ఎలా పనిచేశాడు? చదివినకొద్దీ నాకు కనిపించినవి చాలా మామూలు పద్ధతులు.

వేసవిలో సాయంత్రం కాగానే పనిచేసే భవనం వదిలి, దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలోని సోల్జర్స్ హోమ్ ఆవరణలో ఒక ఇంటికి వెళ్ళి పడుకునేవాడు. 1862, 1863, 1864 వేసవులు మూడూ అలాగే గడిపాడు. పొద్దున్నే మళ్ళీ గుర్రం మీద వచ్చేవాడు. యుద్ధం నడుస్తున్నా సరే, పని చోటు వేరు, నిద్ర చోటు వేరు.

కోపం వస్తే ఉత్తరం రాసేవాడు, రాసి పంపేవాడు కాదు. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం గెలిచిన సేనాపతి మీడ్, ఓడి పారిపోతున్న శత్రుసేనను వెంటాడలేదు. లింకన్ మండిపడి పెద్ద ఉత్తరం రాశాడు. తర్వాత సంతకం పెట్టకుండా కవరులో దాచేశాడు. ఆ కాగితం ఆయన పోయిన తర్వాత దొరికింది. ఫోన్ చేతిలో ఉన్న మనకు ఈ అలవాటు ఇంకా ఎక్కువ అవసరం.

భయాన్ని కూడా కాగితం మీద పెట్టేవాడు. 1864 ఆగస్టు 23న, తాను రెండోసారి ఎన్నికల్లో ఓడిపోవడం దాదాపు ఖాయమని అనుకున్నాడు. ఓడిపోతే కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చేలోపు దేశాన్ని నిలబెట్టడానికి ఏం చేయాలో నాలుగు వాక్యాల్లోపే రాసి మడిచాడు. లోపల ఏముందో చూపకుండా మంత్రులందరి చేత వెనుక సంతకాలు చేయించాడు. భయం మనసులో తిరుగుతుంటే పెరుగుతుంది, కాగితం మీద పెడితే చేయవలసిన పని అవుతుంది. తీరా నవంబరులో ఆయనే గెలిచాడు.

1862 సెప్టెంబరు 22న మంత్రివర్గం సమావేశమైంది. లింకన్ ముందుగా ఒక హాస్య రచయిత పుస్తకం తీసి ఒక అధ్యాయం చదివి నవ్వాడు. కొందరు మంత్రులకు అది నచ్చలేదు. ఆ తర్వాత పుస్తకం పక్కన పెట్టి, బానిసల విముక్తి ప్రకటన ముసాయిదాను వాళ్ళ ముందు ఉంచాడు.

ఆ సంతకం

1863 జనవరి 1న మధ్యాహ్నం తుది ప్రకటన మీద సంతకం చేయాలి. పొద్దున్నుంచి మూడు గంటలపాటు నూతన సంవత్సరం అతిథులతో కరచాలనం చేసి చేయి వణుకుతోంది. వణికిన సంతకం చూసి రేపు జనం తాను వెనకాడాడని అనుకుంటారని కాసేపు ఆగి, కుదురుగా పేరు రాశాడు. ఆ ప్రకటన తిరుగుబాటు చేసిన రాష్ట్రాల్లోని బానిసలకు మాత్రమే వర్తించింది. దేశమంతటా బానిసత్వం పోవడానికి రాజ్యాంగానికి 13వ సవరణ కావలసి వచ్చింది. దాన్ని ప్రతినిధుల సభ 1865 జనవరి 31న ఆమోదించింది, అది ఆ డిసెంబరులో అమల్లోకి వచ్చింది. అలా దాదాపు 40 లక్షల మందికి చట్టం దృష్టిలో స్వేచ్ఛ వచ్చింది.

ప్రకటన తర్వాత స్పీడ్ కలిసినప్పుడు లింకన్ 1841 నాటి మాట గుర్తుచేశాడు. బతికానని గుర్తుండే పని ఏదీ చేయలేదని ఆనాడు ఏడ్చినవాడు, ఆ కోరిక ఇప్పుడు తీరుతుందని నమ్ముతున్నానని చెప్పాడు. తమ్ముళ్ళూ, ఆ చలికాలంలో స్పీడ్ కత్తులు దాచకపోయి ఉంటే ఈ సంతకం ఉండేది కాదు.

లింకన్ తప్పు చేయని మనిషి కాదు. 1862లో డకోటా ఆదివాసుల తిరుగుబాటు తర్వాత సైనిక కోర్టు 303 మందికి మరణశిక్ష వేసింది. ఆయన కాగితాలు చూసి ఎక్కువమందికి ఉరి తప్పించాడు. కానీ డిసెంబరు 26న ఒకేసారి 38 మందిని ఉరితీయడానికి అనుమతించింది కూడా ఆయనే. మన ఏజెన్సీ పక్కన పుట్టినవాళ్ళం ఆ సంగతి మరిచిపోకూడదు.

1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకం చూస్తుండగా ఆయన్ని తుపాకితో కాల్చారు. మర్నాడు పొద్దున చనిపోయాడు. వయసు 56 ఏళ్ళు. యుద్ధం అప్పటికే దాదాపు ముగిసింది. దిగులు మాత్రం చివరిదాకా ఆయనతోనే ఉంది.

మనకు ఉన్నది, ఆయనకు లేనిది

జబ్బు ఉంది కాబట్టి లింకన్ గొప్పవాడయ్యాడని కొందరు రాస్తారు. నాకు అది నిజమనిపించదు. ఆ బాధ పడినవాడెవడూ అలా అనడు. జబ్బు పూర్తిగా పోయాక పని మొదలుపెడతానని ఆయన ఎదురుచూడలేదు. అలాగని జబ్బు లేనట్టు నటించనూ లేదు. మనుషుల సాయం అడిగాడు, పనిని తన మనసుకు తగ్గట్టు సర్దుకున్నాడు. నేను నేర్చుకున్నది ఇదే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. డిగ్రీ అయ్యాక విశాఖలో ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరాను. రాత్రి షిఫ్టు, నెలనెలా టార్గెట్టు. మొదట కొన్ని వారాలు నిద్ర లేకపోయినా హుషారుగా ఉండేవాణ్ణి, రోజుకు పద్దెనిమిది గంటలు పనిచేశాను. తర్వాత మంచం దిగలేకపోయాను. ఒళ్ళు బద్ధకమని కొందరన్నారు, గాలి సోకిందని మా ఊళ్ళో తాయెత్తు కట్టించారు. ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి కదా, పడిపోయానని చెప్పడానికి సిగ్గేసింది. చివరికి మా నాన్నే లారీ ఆపుకుని వచ్చి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇంజిను వేడెక్కితే బండిని తిట్టుకుంటూ ఘాటీ ఎక్కించం, ఆపి చల్లారనిస్తాం అన్నాడు. హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే ఈ జబ్బుకు బైపోలార్ అని పేరనీ, మందు ఉందనీ డాక్టరు చెప్పారు. ఆ ఉద్యోగం మానేశాను. మందు వేసుకుంటూనే ఎం.ఎ.లో చేరాను. రాత్రి పదిన్నరకు పుస్తకం మూసేస్తాను. నా నిద్ర తగ్గినా, మాట వేగం పెరిగినా చెప్పమని ఒక స్నేహితునికి అప్పగించాను. అతనే నాకు స్పీడ్.

లింకన్‌కు పాదరసం మాత్రలే దిక్కు. మనకు పరీక్షించిన మందులున్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గిందనిపించగానే సొంతంగా మానకూడదు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాన్ని పిచ్చాసుపత్రి అని ఎగతాళి చేయడం మనం మానుకుందాం. 2022లో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఈ వైద్యం పొందడం మన హక్కు అని చెప్పింది.

మీలో ఎవరికైనా రెండు వారాలకు మించి నిద్ర, తిండి, చదువు మీద మనసు పోతే, బతకాలనిపించకపోతే, ట్రంకు పెట్టె మీద తల పెట్టుకుని ఒంటరిగా ఏడవకండి. పక్క మంచం వాడికి చెప్పండి, వార్డెన్ మాస్టారుకు చెప్పండి. పక్క మంచం వాడు అలా ఉంటే మీరు వాడికి స్పీడ్ కండి. ఆ పని చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఈసారి వార్షికోత్సవానికి తప్పకుండా వస్తాను. నాతో ఒంటరిగా మాట్లాడాలనుకునేవాళ్ళు మొహమాటపడవద్దు. సాయంత్రం వేగావతి ఒడ్డు దాకా నడిచి వద్దాం.

మీ అన్న,
పూర్వ విద్యార్థి